జోగయ్య గీత తప్పలేదు

నాలుగు వానాకాలాలుగా ఒక మాటను మింగుకుని బతుకుతున్నాను. పూర్తిగా మింగానని కూడా చెప్పలేను. అది గొంతులోనే ఉంది. ఎవరైనా "మంచి మేస్త్రి ఉంటే చెప్పరాదా" అని అడిగిన ప్రతిసారీ పైకి వస్తుంది. నేను మళ్లీ కిందికి నెడతాను. గోదావరి పక్కన ఉండే మా ఊళ్లలో ఆ ప్రశ్న తరచుగానే వస్తుంది. నీళ్లు తీశాక మొదట బియ్యం కోసం వెతుకుతాం, ఆ వెంటనే మేస్త్రి కోసం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆయనకు చెప్పలేదు. మా అక్కకు చెప్పలేదు. ఒకసారి గుళ్లో చెబుదామని నిలబడ్డాను, అక్కడా నోరు రాలేదు.

నా పేరు చెప్పను. పినపాక దాటాక, అడవి అంచున, మిరప వేసుకుని బతికే కుటుంబం మాది. నోరున్న మనిషినని ఊళ్లో పేరు. కూలీలను పిలవాలన్నా, కరెంటాఫీసుకు వెళ్లి పోట్లాడాలన్నా మా ఆయన నన్నే ముందుకు తోస్తాడు. మనిషిని చూడగానే ఎలాంటివాడో చెప్పేస్తానని నాకు గట్టి నమ్మకం. ఎదుటివాళ్ల విషయంలో ఆ నమ్మకం పెద్దగా తప్పలేదు. నా విషయంలోనే తప్పింది.

పెద్ద వరద సంగతి ముందు చెప్పాలి. గోదావరి మా ఊరి మీదకు ఎదురుగా రాదు, వెనక నుంచి వస్తుంది. ఊరి వెనక ఒక వాగుంది. అడవిలో పుట్టి, మా చేల పక్క నుంచి వెళ్లి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండిందంటే వాగును లోపలికి రానివ్వదు, వెనక్కి తోస్తుంది. అప్పుడు వాగు ఎదురెక్కుతుంది. ఆ ఏడు ఉదయం పూట గట్టు మీద నిలబడి చూశాను. విరిగిన కొమ్మలు, గడ్డి దుబ్బులు, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ, అన్నీ గోదావరి వైపు నుంచి అడవి వైపుకు, ఎగువకు పోతున్నాయి. చప్పుడు లేదు. చప్పుడు ఉంటే అంత భయం వేసేది కాదేమో. పుట్టినప్పటి నుంచి కిందికి పారడమే చూసిన నీళ్లు పైకి నడుస్తుంటే దండం పెట్టాను. ఎవరికి పెట్టానో నాకే తెలియదు. మా ఆయన వచ్చి చెయ్యి పట్టి లాక్కెళ్లాడు. ఆ సాయంత్రానికి ఊరంతా ఖాళీ. మేం కొత్తగూడెంలో మా అక్క క్వార్టర్‌కు చేరాం.

తిరిగి వచ్చేసరికి ఇల్లు ఉంది కానీ ఇల్లులా లేదు. గదుల నిండా పాదం దిగబడే ఒండ్రు. గోడల మీద ఛాతీ ఎత్తున మరక. మేముండే భాగం, కిరాయికి ఇచ్చే ముందు భాగం, రెండూ అంతే. అప్పుడు మొదలయ్యారు కాంట్రాక్టర్లు. రోజుకో బండి. రోజుకో విజిటింగ్ కార్డు. ఒకతను చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చి, ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి, "పది రోజుల్లో కొత్త ఇల్లు చేసి చేతిలో పెడతా మేడం" అన్నాడు. గోడను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నేను ఆ కార్డుతో పొయ్యి రాజేశాను.

జోగయ్య తనంతట తాను రాలేదు. వాగు అవతలి గూడెం అతనిది. ఎవరో చెబితే కబురు పెట్టాను. వచ్చి, ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తాపీ పిడితో గోడను అక్కడక్కడా కొట్టి, తల వంచి విన్నాడు. గోరుతో పూత గీకి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని అన్నాడు: "నేను ఇప్పుడు చెయ్యనమ్మా. గోడ తాగిన నీళ్లు ఇంక లోపల్నే ఉన్నయ్. గిప్పుడు సిమెంటు పూస్తే బయటికి రావు. పూత కొట్టేసి ఇడిసిపెట్టాలె. దసరా దాక సూద్దాం."

చేతికొచ్చిన పనిని చేయనన్న మనిషి ఆ నెలలో నాకు అతనొక్కడే కనిపించాడు. ఇతనే అనుకున్నాను. వీధిలో అందరికీ చెప్పాను. మొండి గోడలతో దసరా చేసుకున్నాం. చుట్టాలు వచ్చి ముక్కు మీద వేలేసుకున్నారు. పక్క వీధి వాళ్లు కార్డులిచ్చిన వాళ్లతో వెంటనే పూత పూయించుకున్నారు. సంక్రాంతి రాకముందే వాళ్ల గోడలు ఉప్పు పూసి పెళ్లలు పెళ్లలుగా రాలాయి. దసరా దాటాక జోగయ్య పూసిన మావి రాలలేదు. "నీ కన్నే కన్ను వదినా" అని ఎదురింటి వెంకన్న పది మందిలో అన్నాడు. ఆ మాటకు నేనెంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. జోగయ్య మంచితనం నా గొప్పదనం అయిపోయింది.

పని అంతా అయ్యాక జోగయ్య ఒక పని అడగకుండానే చేశాడు. లెవెల్ పైపు తెలుసు కదా, మేస్త్రీల దగ్గర ఉండే సన్నటి తెల్లటి గొట్టం. అందులో నీళ్లు నింపి రెండు కొసలూ పైకి పట్టుకుంటే, ఎంత దూరంలో ఉన్నా రెండు వైపులా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. పాత పూతలు కొట్టేయకముందే జోగయ్య మరక ఎత్తును స్కూలు అరుగు దగ్గర రాతి స్తంభం మీద సుద్దతో గుర్తుపెట్టుకున్నాడట. అక్కడి నుంచి పైపు పట్టుకుని, అతనూ అతని భార్యా ఇంటింటికీ ఆ ఎత్తును మోసుకొచ్చారు. ముప్పై ఇళ్లు. ప్రతి ఇంటికీ గుమ్మం పక్కన పూతలో వేలెడు పొడవు గాడి తీసి, ఎర్రటి జాజు పూశాడు. మాకు మాత్రం రెండు గుమ్మాలకూ పెట్టాడు. "గీ గీత చూసి సామాను సదురుకోండి. నీళ్లు ఈడ దాక వచ్చినయ్, మల్ల వస్తయ్" అన్నాడు. పైసా తీసుకోలేదు.

ఆ సాయంత్రం వీధి మొదట్లో నిలబడి చూశాను. ఒకరి గుమ్మం దగ్గర గీత మోకాలి ఎత్తున, ఇంకొకరి దగ్గర నడుము ఎత్తున. చూడ్డానికి హెచ్చుతగ్గులుగా ఉన్నాయి. కానీ హెచ్చుతగ్గులు నేలవి, గీతవి కావు. ఆ ముప్పై గీతలూ ఒకే నీటి పైభాగం. అది అర్థమైన క్షణంలో మళ్లీ నీళ్లలో నిలబడినట్టే ఉంది. కళ్లకు కనిపించని ఆ వరదను మొత్తంగా పట్టుకొచ్చి, చదువు లేని ఒక మనిషి ఆ సన్నటి గొట్టంతో మా వీధి మీద పరిచి వెళ్లాడు. అలాంటి పని నేను మళ్లీ చూడలేదు.

మరి అంత గొప్పగా తోచిన దాన్ని నేనెందుకు చెరిపాను?

దీనికి జవాబు చాలాసార్లు వెతికాను. ప్రతిసారీ ఒకటే దొరుకుతుంది, చాలా చిన్న జవాబు. వీధి మొత్తంలో మా ఇంటి గీతే ఎత్తు. ఛాతీ దాకా. మా మామగారు కట్టేటప్పుడు పునాది ఎత్తు చేయలేదు, పల్లంలో కట్టారు. ఎదురింటి వెంకన్న వాళ్ల గీత మోకాలి దగ్గరుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చిన ప్రతివాళ్లూ మా గీత చూసి, "అమ్మో, ఇంత దాకానా" అనేవాళ్లు. ముందు భాగం కిరాయికి చూడటానికి ఒక టీచరు జంట వచ్చారు. ఆవిడ గీత పక్కన నిలబడి, తన ఎత్తు చూసుకుని, మొగుడి వైపు చూసింది. మళ్లీ రాలేదు. ఇంకొకరు వచ్చారు, వాళ్లూ అంతే. ఇల్లు ఖాళీగా ఉందన్న బాధ కాదు. నా ఇంటిని చూసి జనం జాలిపడుతున్నారు. అది పడలేదు నాకు.

ఒక మధ్యాహ్నం మా ఆయన చేనుకు వెళ్లాక, గిన్నెలో కాస్త సిమెంటు కలిపి, చెంచాతో ముందు భాగం గుమ్మం పక్కనున్న గాడి పూడ్చాను. ఆరాక సున్నం వేశాను. తర్వాత మేకు, స్కేలు తీసుకుని, మోకాలికి కాస్త పైన కొత్త గాడి గీసి జాజు పూశాను. ఆ గుమ్మం ప్రహరీ లోపలికి ఉంటుంది, వీధికి కనిపించదు. మా వైపు గీత గుమ్మానికి లోపలి పక్కన ఉంది, దానికి అడ్డంగా అలమర జరిపాను. మొత్తం గంట పని. మా ఆయన గమనించలేదా? గమనించే ఉంటాడు. అడగలేదు. నేను చేసినవి అడగడం ఆయనకు అలవాటు లేదు.

తర్వాతి వారమే పీహెచ్‌సీలో పనిచేసే ఒక నర్సు వచ్చింది. తల్లిని వెంటబెట్టుకుని ఉండేది. తల్లికి పక్షవాతం, మంచం దిగలేదు. నర్సు గీత చూసి, "ఇదేంటమ్మా" అని అడిగింది. "వరద గీత. జోగయ్య మేస్త్రి పెట్టాడు" అన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఆ పేరు అప్పటికే చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఆ రోజే సామాను దించింది. నా అబద్ధానికి అతని పేరు అంటించాను. చెంచాతో చేసిన పని కన్నా ఇది పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది.

మరుసటి ఏడు గడిచింది. ఆ పై ఏడు మళ్లీ నీళ్లు వచ్చాయి. పెద్ద వరద అంత కాదు. రెండో ప్రమాద హెచ్చరిక ఇవ్వగానే మేం మళ్లీ కొత్తగూడెం వెళ్లిపోయాం. నర్సుకు వరద డ్యూటీ పడింది. పొద్దున్నే నాకు ఫోన్ చేసింది. తల్లిని కదిలిస్తే ఇబ్బందని, మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి, గీతకు జానెడు పైకి ఎత్తానని, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టానని, మధ్యాహ్నానికి వచ్చేస్తానని చెప్పింది.

నేను ఏమన్నానో మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. "ఎందుకైనా మంచిది, స్కూలుకు తీసుకెళ్లరాదా" అన్నాను. "గీత ఉంది కదమ్మా" అంది ఆమె. నేను ఊరుకున్నాను. గీత తప్పు అని రెండు మాటలు చెబితే సరిపోయేది. ఫోన్ నా చెవి దగ్గరే ఉంది. ఆమె "సరే అమ్మా" అని పెట్టేసింది. నేను వెళ్లి మా అక్కతో కలిసి కూరగాయలు తరిగాను. అంత నీళ్లు రావులే అని నాకు నేను చెప్పుకుంటూ తరిగాను. వాగు ఎదురెక్కడం కళ్లారా చూసిన మనిషిని, నాకు తెలియదా?

ఆ మధ్యాహ్నం నీళ్లు నా గీత దాటాయి. మంచం దాటాయి. ముసలమ్మ మెడ దాకా వచ్చాయి. అరిచే గొంతు కూడా ఆమెకు సరిగ్గా లేదు. నర్సు ఉన్న చోటికీ ఊరికీ మధ్య దారి మునిగిపోయింది.

జోగయ్య నాటు పడవలో వీధిలోకి వచ్చాడు. తన గీతలకు ఎంత కింద నీళ్లు నిలిచాయో చూసుకోవడానికి వచ్చాడట. వెంకన్న ఇంటి దగ్గర గీత నీళ్లకు జానెడు పైన ఉంది. ప్రహరీ మీదుగా మా గుమ్మం వైపు తొంగిచూశాడు. అక్కడ గీతే లేదు, మునిగిపోయింది. మంచం దిగలేని ముసలమ్మ ఆ ఇంట్లో ఉంటుందని అందరికీ తెలుసు. వెంటనే పడవలోంచి దూకి, తలుపు పగలగొట్టి, ముసలమ్మను భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. బతికింది. ఆమె బతకడం నా గొప్ప కాదని రోజూ గుర్తు చేసుకుంటాను.

రెండు రోజులకు నీళ్లు తీశాయి. మేం తిరిగొచ్చాక స్కూలు అరుగు మీద వీధి వాళ్లందరూ కూడారు. జోగయ్య కూడా వచ్చాడు. వెంకన్న గట్టిగా అన్నాడు: "చిన్న వరదకే వదినోళ్లింట్ల గీత మునిగింది. పైపుల గాలి బుడగ ఉన్నట్టుంది. గట్లయితే మనిండ్లల్ల గీతలన్ని తప్పే గద." అది తెలివైన మాటే. పైపులో బుడగ ఉంటే లెవెల్ తప్పుతుంది, మేస్త్రీలందరికీ తెలుసు. ఒకటి తప్పితే దాని వెంట పట్టుకెళ్లినవన్నీ అనుమానమే. అందరూ జోగయ్య వైపు తిరిగారు. "నువ్వే పెట్టినవా ఆ ఇంటికి గీత?" అని అడిగారు.

జోగయ్య నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. చూపులో కోపం లేదు. నేను చెబుతానేమోనని ఎదురుచూశాడంతే. నేను నా చీర కొంగు సర్దుకున్నాను. అప్పుడతను అందరికీ వినపడేలా, "అవ్. ఆ ఇంటికి గీత పెట్టింది నేనే" అన్నాడు. అది నిజమే. ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

వారం తర్వాత పైపు చుట్ట భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. మా ఆయన లేడు. గుమ్మం దగ్గరకు వెళ్లి, నేను గీసిన గాడిని వేలితో రుద్ది చూశాడు. తర్వాత దాని పైన, సున్నం కింద పూడిన చోట, సరిగ్గా అక్కడే వేలు ఆపాడు. అప్పుడిక నాకు ఆగలేదు.

"నీకు తెలుసు కదా జోగయ్యా" అన్నాను.

"అవ్. పడవల వచ్చినప్పుడే ఎరుకైంది. నీళ్లు ఒకరింటికి ఎక్కువ, ఒకరింటికి తక్కువ నిలవయ్ గదా."

"మరి స్కూలు కాడ ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్పుడేందమ్మా? మీరు చేసిన పని. మీ నోటితోనే రావాలె." గోడ మీంచి వేలు తీసి అన్నాడు: "నా తప్పు గూడ ఉన్నది. చెంచాతోని గీకితె పోయే కాడ పెట్టిన. రాయిల కొట్టాల్సింది. గంత సోయి లేకపాయె. మల్ల పెడ్త. వీధిల అందరు సూస్తుండంగ పైపు పట్టి పెడ్త. అప్పుడు అందరికి ఎరుకైతది, మిగిలినయ్ సక్కగున్నయని."

నన్ను నిలదీయడానికి రాలేదతను. మిగిలిన ఇరవై తొమ్మిది ఇళ్ల వాళ్లు గీతలను మళ్లీ నమ్మాలి, అదొక్కటే అతని దిగులు. తన పేరు పోయిన దిగులు కూడా దాని తర్వాతే. నా ఎదుట నిలబడ్డది ఎలాంటి మనిషో అప్పుడు పూర్తిగా తెలిసింది. తెలిసి కూడా ఏమన్నానో వినండి.

"ఇప్పుడొద్దు జోగయ్యా."

"మరెప్పుడు?"

"చెప్తాలే."

"సరే అమ్మా" అని పైపు మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు ఇవ్వాలని కూడా నాకు తోచలేదు.

ఆ తర్వాత మా వీధి జోగయ్యను పిలవలేదు. పక్క ఊళ్లకూ బుడగ కథ పాకింది. నేను కార్డు కాల్చానే, అలాంటి కాంట్రాక్టర్లు మళ్లీ బండ్లేసుకుని వచ్చారు. వాళ్లలో ఒకరి కింద ఇప్పుడు జోగయ్య ఇసుక మోస్తున్నాడని విన్నాను. గోడ తడి ఆరకముందే పూత పూస్తుంటే పక్కనే నిలబడి చూడాల్సి వస్తుందేమో. వీధి వాళ్లు ఒక్కొక్కరే రంగులు వేయించుకుంటూ అతని గీతలు పూడ్పించేశారు. తప్పు గీత కన్నా గీత లేకపోవడమే నయమన్నారు. నిజమైన గీతలన్నీ అలా పోయాయి. ఈసారి పెద్ద నీళ్లు వస్తే మంచం ఎంత ఎత్తున పెట్టాలో మా వీధిలో ఎవరికీ తెలియదు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతుంది.

నర్సుకు చండ్రుగొండ వైపు బదిలీ అయింది. వెళ్లేటప్పుడు నా చేతులు పట్టుకుని, "పాపం, ఆయన లెక్క తప్పినా మా అమ్మను మోసుకొచ్చింది ఆయనే కదమ్మా. నాకు కోపం లేదు" అంది. నేను తలూపాను. ఆమె క్షమించింది. క్షమించాల్సిన అవసరమే లేని మనిషిని క్షమించి వెళ్లింది.

ముసలమ్మకు ఏమన్నా అయి ఉంటే చెప్పేదాన్నా? రాత్రింబవళ్లు నన్ను నేనే అడిగిన ప్రశ్న ఇది. చెప్పేదాన్నని అనుకోవడం నాకు హాయిగా ఉంటుంది. కానీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఊరుకున్న మనిషిని నేనే కదా. కాబట్టి తెలియదు. తెలియదనే రాస్తున్నాను. జోగయ్య గూడేనికి వెళ్లి కాళ్ల మీద పడదామనీ అనుకున్నాను. వాగు దాకా రెండుసార్లు వెళ్లాను కూడా. అయితే అతను నన్ను ఏడవమని అడగలేదు. వీధి అంతా వింటుండగా ఒక మాట నా నోటితో రావాలన్నాడు, అంతే.

ఇప్పుడు ఆ మాట రాస్తున్నాను. పైపులో బుడగ లేదు. జోగయ్య గీత తప్పలేదు. చెరిపింది నేను. తప్పు గీత గీసింది నేను. రంగుల కింద పూడ్చిన మిగతా ఇరవై తొమ్మిది గీతలూ సరైనవే, ఆ చోట్లు గుర్తుంటే తవ్వి తీసుకోండి.

పేరు రాయలేదు కాబట్టి దాక్కున్నానని మీరు అనుకోవచ్చు. కానీ చిన్న వరదకు గీత ఎవరింట్లో మునిగిందో మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఈ కాగితం అక్కడి దాకా వెళ్తే, రెండో పేజీకి రాకముందే నన్ను గుర్తుపడతారు. వివరాలు మార్చి రాయొచ్చు. కలం పట్టుకున్నాక చాలాసేపు అదే ఆలోచించాను. మార్చలేదు.